పగడాల వూళ్ళో ఒక పూట

అండమాను అనగానే మనవాళ్ళకు మొట్టమొదట గుర్తుకు వచ్చేది జైలు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. 1906లో పూర్తయిన ఆ సెల్యులర్ జైలు గోడల మధ్య దేశం నలుమూలల నుంచి తెచ్చిన ఖైదీలు మగ్గిపోయారు. మన అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందరు కూడా అక్కడ శిక్ష అనుభవించినవారే. అండమాను వెళ్ళిన తెలుగువాడు ముందు ఆ జైలుకు వెళ్ళి ఒక నమస్కారం పెట్టుకొని రావడం ధర్మం. మేమూ ఆ పనే చేశాము. కాని ఈ వ్యాసం జైలును గురించి కాదు. ఆ వూరికి కొంచెం దూరంలో, రెండు నిలువుల నీటి అడుగున, గోడలూ తలుపులూ లేకపోయినా ఎవరి యిల్లు వారిదిగా, ఎవరి వృత్తి వారిదిగా కాపురాలు చేసుకొంటున్న ఒక చిన్న లోకాన్ని గురించి.

2023 జనవరిలో నేనూ మా ఆవిడా మద్రాసులో విమానం ఎక్కి రెండు గంటల్లో పోర్ట్ బ్లెయిరులో దిగాము. (2024 సెప్టెంబరులో ఆ వూరి పేరును శ్రీవిజయపురంగా మార్చారు.) ఓడలో అయితే సుమారు మూడు రోజుల ప్రయాణం. "సముద్రం మీద మూడు రోజులు వాంతులు చేసుకొనే ఓపిక నాకు లేదు" అని మా ఆవిడ ముందే తేల్చి చెప్పింది గనుక ఆ ముచ్చట తీరలేదు.

వూళ్ళో అడుగు పెట్టగానే మాకు కొత్త అన్న భావమే కలగలేదు. కారణం, ఎటు చూసినా తెలుగు మాట వినపడుతూనే వుంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ అనే పేటలో చేపల రేవు వున్నది. శ్రీకాకుళం తీరం నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన మత్స్యకారులు అక్కడ కాపురం వుంటున్నారు. ఉదయాన్నే ఆ రేవుకు వెళితే భావనపాడు బజారులో నిలబడినట్లే వుంటుంది. అక్కడ వల బాగు చేసుకొంటున్న ఒక పెద్దాయనను, "పగడాల దగ్గర రంగురంగుల చిన్నచేపలు వుంటాయట, చూశావా తాతా?" అని అడిగాను.

"సూడకేటి బాబూ! పుట్టి బుద్దెరిగిన కాణ్ణుంచీ సూత్తన్నాను. గోరంత సేప. దానికి కూరేటి, పులుసేటి? వల్లో పడితే తిరిగి నీళ్ళలోకి ఇసిరేత్తాం. దాని యిల్లు పగడం బాబూ. యిల్లు వొదిలితే అది బతకదు" అన్నాడు.

ఆ చివరి మాటలో ఎంత శాస్త్రం వున్నదో ఆ రోజున నాకు తెలియలేదు.

జాలీబాయ్ దీవికి

పోర్ట్ బ్లెయిరు నుంచి రోడ్డు మీద గంట ప్రయాణం చేస్తే వండూర్ అనే రేవు వస్తుంది. 1983లో అక్కడి 15 దీవులను, వాటి చుట్టూ వున్న సముద్రాన్ని కలిపి మహాత్మాగాంధీ సాగర జాతీయవనంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 280 చదరపు కిలోమీటర్లు. అందులో యాత్రికులను రానిచ్చే దీవులు ముఖ్యంగా రెండు. సంవత్సరంలో సగం రోజులు జాలీబాయ్, తక్కిన సగం రోజులు రెడ్ స్కిన్. ఒకటి తెరిచి వున్నప్పుడు రెండవదానికి విశ్రాంతి. మనుషుల తాకిడి నుంచి పగడాలు కోలుకోవడానికి ఈ ఏర్పాటు. మన దేవాలయాలలో స్వామికి పవళింపు సేవ చేసి తలుపులు వేస్తారు చూడండి, అలాంటిదే అనుకోండి.

ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ప్లాస్టిక్ సంచులు వెంట తీసుకొని పోకూడదు. మా ఆవిడ చేతిసంచిలో జంతికల పొట్లం ప్లాస్టిక్ కవరులో వున్నది. తనిఖీ చేసే కుర్రవాడు మర్యాదగానే దానిని బయటకు తీయించాడు. జంతికలు కాగితపు పొట్లంలోకి మారాయి.

పడవ మడ అడవుల మధ్యగా గంటసేపు నడిచింది. రెండు వైపులా మనుష్య సంచారం లేని దీవులు. నీళ్ళ రంగు చూస్తూండగానే మారిపోతున్నది. ముందు ఆకుపచ్చ, తరవాత నీలం, దీవి దగ్గర పడేసరికి నెమలి మెడ రంగు. జాలీబాయ్‌లో ఇల్లు లేదు, దుకాణం లేదు, రాత్రి బస లేదు. పెద్ద పడవ వొడ్డుదాకా పోదు. అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి మారాలి. ఆ అద్దంలో నుంచి మొదటిసారిగా పగడాల వూరు కనబడింది.

వూరు అని ఎందుకు అంటున్నానంటే, అది అచ్చంగా వూరే. పగడం రాయి కాదు, చెట్టు కాదు. గుండుసూది తలంత ప్రాణులు కోట్లకొలదిగా చేరి, తమ చుట్టూ సున్నపు గూళ్ళు కట్టుకొని, తరాలు గడిచిన కొద్దీ పెంచుకొంటూ వచ్చిన కట్టడం. ప్రపంచంలో సముద్రపు అడుగు భాగమంతటిలోనూ పగడపు దిబ్బలు వున్నది నూటికి ఒక వంతు కంటె తక్కువే. కాని సముద్రజీవుల జాతులలో నాలుగవ వంతు ఏదో ఒక దశలో ఆ దిబ్బలనే ఆశ్రయించి బ్రతుకుతాయట.

పిల్లలకు తెలిసిన చేప

అద్దపు పడవతో నాకు తృప్తి తీరలేదు. రక్షణ జాకెట్టు తొడుక్కొని, కళ్ళకు అద్దాలూ నోట్లో గాలిగొట్టమూ పెట్టుకొని, ఒక కుర్రవాడు పట్టుకొన్న రబ్బరు టైరును ఆనుకొని నీళ్ళలోకి దిగాను. మా ఆవిడ వొడ్డున నిలబడి, "గట్టిగా పట్టుకోండి!" అని కేక వేస్తూనే వున్నది. తల నీటిలో ముంచగానే ఆ కేక ఆగిపోయింది. దానికి బదులు, దూరాన ఎవరో ఆవాలు వేయిస్తున్నట్లు సన్నని చిటపట. పగడాల సందులలో వుండే రొయ్యజాతి జీవులు చేసే చప్పుడు అది.

కుర్రవాడు వేలు చూపించిన చోట, విచ్చిన చామంతి పువ్వులాంటిది నీటి వాలుకు వూగుతున్నది. వెడల్పు జేన్నరకు తక్కువ లేదు. దాని రేకుల మధ్య నారింజరంగు వొంటి మీద మూడు తెల్లపట్టీలు కట్టుకొన్న చేపలు మూడు. మన పిల్లలు చూడగానే "నీమో!" అని కేక వేసే చేప అదే. 2003లో వచ్చిన సినిమా పుణ్యమా అని ప్రపంచమంతా దానికి ఆ పేరే స్థిరపడింది. అసలు పేరు క్లౌన్ ఫిష్, అంటే విదూషకుడి చేప.

ఆ పువ్వు పువ్వు కాదు. ఎనిమోనీ అనే జంతువు. ఆ రేకులన్నీ విషపు ముళ్ళున్న చేతులు. తక్కిన చిన్న చేప ఏదైనా తగిలితే అక్కడికక్కడే కొయ్యబారి దానికి ఆహారమైపోతుంది. విదూషకుడు మాత్రం ఆ ముళ్ళపాన్పు మీద దొర్లుతాడు, నిద్రపోతాడు. అతని వొంటి మీది జిగురుపూత వల్ల ఆ ముళ్ళు అతని మీద ప్రయోగం కావు. వెయ్యికి పైగా వున్న ఎనిమోనీ జాతులలో ఇలా ఆశ్రయమిచ్చేవి పది మాత్రమే. ఆశ్రయం వూరికే కాదు. ఎనిమోనీ రేకులను కొరుక్కుతినే చేపలు వస్తే విదూషకుడు వాటిని తరిమి కొడతాడు. అతని మలినాలు ఎనిమోనీ వొంట్లోని నాచుకు ఎరువు. ఇంటివారికి అద్దె ముడుతూనే వున్నదన్నమాట.

వీరి కుటుంబ వ్యవహారం మరీ చిత్రం. ఒక ఎనిమోనీలో అందరికంటె పెద్దది ఆడది. ఇంటి పెత్తనం ఆమెది. ఆమె తరవాతి పెద్దది మగడు. మిగిలినవి ఇంకా ఎదగని పిల్లకాయలు. కాని ఆ దంపతుల సంతానం కాదు, ఎక్కడి నుంచో కొట్టుకొని వచ్చి చేరినవి. పుట్టినప్పుడు అందరూ మగవారే. ఇంటి ఇల్లాలు చనిపోతే మగడు ఆడదిగా మారిపోతాడు. పిల్లకాయలలో పెద్దవాడు మగడి స్థానంలోకి వస్తాడు. ఆ లెక్కన సినిమాలో తల్లి చనిపోయిన తరవాత నీమోను వెతుక్కొంటూ సముద్రాలు దాటిన తండ్రి, అసలు సముద్రంలో అయితే తల్లిగా మారిపోయి వుండాలి. ఈ సంగతి వొడ్డుకు వచ్చి మా ఆవిడకు చెబితే, "మీరు మారకపోతే మానె, కనీసం ఒక్కరోజు వంట చేస్తే చాలు" అన్నది.

వీధివారు

ఆ ఎనిమోనీ చుట్టుపక్కల నేను చూసిన వీధి గురించి కూడా చెప్పాలి. కొమ్మలు కొమ్మలుగా వున్న ఒక పగడం మీద వెండిపూత పూసిన ఆకుపచ్చ చేపలు వందకు పైగా నిలిచి వున్నాయి. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారి కొమ్మల మధ్యకు దూరిపోయాయి. పిచ్చుకల గుంపు ముళ్ళకంపలోకి దూరినట్లే. ఇవి డామ్సెల్ అనే జాతివి. వీటి దాయాదులలో వ్యవసాయం చేసేవి కూడా వున్నాయి. పగడం మీద అరచేయంత నాచుమడిని పెంచి, పనికిరాని నాచును నోటితో పీకి పారవేసి, గట్టు దాటి వచ్చిన వాడు ఎంత పెద్దవాడైనా మీదపడి కరుస్తాయి. పొలం గట్ల తగాదాలు మనకే అనుకొన్నాను. నీటి అడుగున కూడా తప్పలేదు.

మరొక మూల మంగలి దుకాణం. చిటికెనవేలంత నీలిచారల చేప ఒకటి, తనకంటె ఎన్నో రెట్లు పెద్దదయిన బొంతచేప నోట్లోకి దూరి, పళ్ళసందులు శుభ్రం చేసి, దర్జాగా మొప్పల్లోనుంచి బయటకు వచ్చింది. పెద్దచేప నోరు తెరుచుకొని కదలకుండా నిలబడింది. వెనకాల ఇంకొక చేప తన వంతు కోసం కాచుకొని వున్నది. ఇది క్లీనర్ రాస్. తక్కిన చేపల వొంటిని పట్టిన పురుగులే దీనికి భోజనం. వీరి సంసారం విదూషకుడి సంసారానికి తలకిందులు. ఒక మగడు, అతనికి అనేకమంది భార్యలు. అతను చనిపోతే పెద్దభార్య మగవాడుగా మారుతుంది. ఇంత చిన్న చేప అద్దంలో తన నీడను చూసి, తన వొంటి మీది మచ్చను గుర్తుపట్టి చెరుపుకోవడానికి ప్రయత్నించిందని 2019లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మంచివారి వేషం వేసుకొనే దొంగలు అక్కడా వున్నారు. అచ్చం ఇదే రంగు, ఇదే నడక కలిగిన బ్లెన్నీ అనే చేప దగ్గరకు వచ్చి, శుభ్రం చేయడానికి బదులు రెక్క కొరికి పారిపోతుంది.

జంటలు జంటలుగా తిరిగే పసుపుపచ్చని సీతాకోకచిలుక చేపలను మరిచిపోలేను. వీటిలో చాలా జాతులకు పగడపు ప్రాణులే ఆహారం. సన్నని మూతితో ఒక్కొక్క ప్రాణినీ గిల్లుకొని తింటాయి. పగడం లేని చోట వీటికి కడుపు నిండదు.

అన్నీ అందమే కాదు. ఆ దిబ్బలోనే, వీధికి అవతల, బూడిదరంగు తిరిగి విరిగిపడిన పగడాల గుట్టలు వున్నాయి. వాటి మీద చేపలు లేవు. పగడానికి రంగును, తిండిని ఇచ్చేది దాని వొంట్లో వుండే సూక్ష్మమైన నాచు. మామూలు ఎండాకాలపు వేడి కంటె నీళ్ళు ఒక్క డిగ్రీ ఎక్కువై, ఆ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం ఆ నాచును వెళ్ళగొట్టి పాలిపోతుంది. చల్లబడకపోతే చనిపోతుంది. అండమానులో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. మేము వెళ్ళి వచ్చిన తరవాత 2024 ఏప్రిల్‌లో, ప్రపంచమంతటా నాలుగవసారి ఈ పాలిపోవడం వచ్చి పడిందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఎనిమోనీలూ పాలిపోతాయి. ఫ్రెంచి పోలినీషియాలోని మూరియా దీవి దగ్గర అలా పాలిపోయిన ఎనిమోనీలలో వుండే చేపలు గుడ్లు పెట్టడం బాగా తగ్గిపోయిందని 2017లో ఒక పరిశోధన తేల్చింది. జంగ్లీఘాట్ తాత చెప్పిన మాట అప్పుడు నాకు అర్థమయింది. యిల్లు వొదిలితేనే కాదు, ఇంటికి జబ్బు చేసినా అది బతకదు.

గాజు తొట్టెలో సముద్రం

తిరుగు ప్రయాణంలో విశాఖపట్నంలో నా చిన్ననాటి మిత్రుని ఇంట్లో రెండు రోజులు ఆగాము. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నాడు. భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. కొడుకు అమెరికాలో వున్నాడు. ముందుగదిలో 200 లీటర్ల గాజు తొట్టె. అందులో రెండు విదూషకుడి చేపలు.

"ఇంతకీ వాటి వూరు చూసి వచ్చావు గదా. నిజం చెప్పు. నావి సుఖంగా వున్నట్లేనా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఆ తొట్టె సంగతి చెప్పమన్నాను.

మంచినీటి తొట్టెలో గోల్డ్ ఫిష్ పెంచడం వంటిది కాదు ఇది. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు వుండాలి. అదీ వంటింటి ఉప్పు కాదు, సముద్రపు నీటిలోని లవణాలన్నీ కలిపి తయారు చేసినది. వేడి 25, 27 డిగ్రీల మధ్య నిలవాలి. నీళ్ళు ఆవిరైతే ఉప్పు చిక్కబడుతుంది గనుక రోజూ మంచినీళ్ళు కలపాలి. అన్నిటికంటె ముఖ్యం, తొట్టె కట్టగానే చేపలను వదలకూడదు. చేపల మలినంలోనుంచి అమోనియా పుడుతుంది. అది వాటికి విషం. ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు తొట్టెలోని రాళ్ళలో, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. "పాలు తోడు పెట్టి వెంటనే పెరుగు వడ్డించమంటే ఎలా? అందరూ చేసే పని అదే" అన్నాడు మావాడు.

మొదటి సంవత్సరంలో ఒక దుకాణంవాడు అతనికి రెండు సీతాకోకచిలుక చేపలను అంటగట్టాడు. రొయ్యపొడి వేశాడు, పురుగులు వేశాడు, బ్రతికున్న రొయ్యపిల్లలను వేశాడు. అవి దగ్గరకు వచ్చి చూసి తిరిగిపోయేవి. మూడు వారాలలో ఒకదాని తరవాత ఒకటి పోయాయి. "ఎదురుగా అన్నం పెట్టుకొని ఆకలితో చచ్చిపోయాయిరా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు మారింది.

మంచినీటి తొట్టె చేపలలో అత్యధిక భాగం చెరువులలో, తొట్టెలలో పెంచినవే. పగడపు చేపలు అలా కాదు. చాలా జాతులను ఇప్పటికీ సముద్రంలోనే పట్టి తెస్తున్నారు. వాటిని పట్టడానికి సయనైడ్ నీళ్ళు చల్లే దుర్మార్గం 1960 ప్రాంతాలలో ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. మత్తెక్కిన చేప చేతికి దొరుకుతుంది. చుట్టుపక్కల పగడం చస్తుంది. చాలాసార్లు ఆ చేప కూడా అమ్ముడుపోయిన తరవాత చస్తుంది. ఈ సరదా కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో 1854లో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు అక్వేరియం మీద పుస్తకం వ్రాస్తే, అది చదివినవారు బుట్టలు పుచ్చుకొని సముద్రతీరం మీద పడ్డారు. తన తండ్రి పుస్తకాల వల్లనే ఆ రాతి గుంటల అందమంతా నాశనమైందని కొడుకు ఎడ్మండ్ గాస్ తరవాతి కాలంలో వ్రాసుకొన్నాడు.

మరి విదూషకుడి చేప మాటేమిటి? ఇక్కడే కొంత ఊరట వున్నది. దీనిని తొట్టెలో గుడ్లు పెట్టించి పెంచవచ్చు. 1947లో ఏర్పడిన మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు విళింజంలోనూ, రామేశ్వరం దగ్గరి మండపంలోనూ ఆ పద్ధతిని సాధించారు. మావాడి తొట్టెలో జంట అలా పుట్టినదే. వాటికి ఎనిమోనీ లేకపోయినా ఫరవాలేదు. విరిగిన పూలకుండీ ముక్క పెట్టాడు. వాటి వయస్సు అప్పటికి ఆరేళ్ళు. తొట్టెలో బాగా చూస్తే ఈ చేప ఇరవై ఏళ్ళు కూడా బ్రతకగలదు.

ఆ సాయంత్రం ఆ కుండీ ముక్క మీద నారింజరంగు గింజల్లాంటి గుడ్లు కనబడ్డాయి. మగచేప వాటి దగ్గర నిలబడి రెక్కలతో విసురుతున్నది. నోటితో తుడుస్తున్నది. చెయ్యి పెడితే మీదికి వస్తున్నది. సముద్రంలో కూడా వారం రోజుల పాటు తండ్రి చేసే కాపలా ఇదే.

అప్పుడు నేను నా మిత్రుడికి జవాబు చెప్పాను. "అక్కడ వాటికి ఇల్లు వున్నది, వీధి వున్నది, మంగలి వున్నాడు, దొంగ వున్నాడు. ఇక్కడ నువ్వొక్కడివే వున్నావు. కాని వీటిని నువ్వు వాళ్ళ వీధిలోనుంచి లాక్కొని రాలేదు. వీటికి నువ్వే వీధి. నువ్వు బాగున్నంత కాలం ఇవి బాగుంటాయి."

అతను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "పక్కింటి కుర్రవాడికి నీళ్ళు మార్చడం నేర్పుతున్నాను" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

మన ఇళ్ళలో పిల్లలు నీమో కావాలని మారాం చేయడం సహజం. కొనిపెట్టే ముందు పెద్దలు దుకాణంవాడిని ఒక్క ప్రశ్న అడగాలి: "ఇది తొట్టెలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా?" అతను నీళ్ళు నమిలితే వచ్చేయండి. ఆరు వారాలు ఖాళీ తొట్టెను చూస్తూ కూర్చొనే ఓపిక ఇంట్లో ఎవరికి వున్నదో కూడా ముందే తేల్చుకోండి. పగడాల జోలికి అసలు పోవద్దు. 2001 నుంచి మన దేశంలో వాటికి చట్టం పులికి ఇచ్చిన రక్షణే ఇస్తున్నది. సేకరించినా అమ్మినా నేరం.

సీతాకోకచిలుక చేపలను చూడాలనుకొంటే మాత్రం అవి వున్న చోటికే పోవాలి. జాలీబాయ్ సాధారణంగా నవంబరు నుంచి వేసవి దాకా తెరిచి వుంటుంది. నీళ్ళలో దిగినప్పుడు కాలు పగడం మీద మోపకండి. చచ్చిన గవ్వ అయినా తెచ్చుకోకండి. జంతికలు మాత్రం కాగితంలో చుట్టుకొని వెళ్ళండి.